స్కాచ్ ఏల్ పంచనామా

హెడ్ కానిస్టేబుల్ దాలినాయుడి ముక్కు గొప్పతనం తెలియనివాళ్ళు ఆ జిల్లాలో ఇద్దరే. ఒకరు ఆయన సూపరింటెండెంటు, రెండోవారు ఆ సూపరింటెండెంటుకి పై అధికారి. మిగతా అందరికీ తెలుసు. నాటుసారా కాచేవాళ్ళకైతే మరీ బాగా తెలుసు. సీసా మూత తీసి ఒక్కసారి పీల్చాడంటే బెల్లం ఏ సంతలో కొన్నారో, ఊట ఎన్నాళ్ళు పులిసిందో, కాచినవాడు నిదానస్తుడో కంగారు మనిషో చెప్పేసేవాడు. అంత ముక్కుకి శాఖవారు ముప్పై రెండేళ్ళుగా అప్పగించిన పని ఒక్కటే. "సదరు ద్రవము ముక్కుపుటములు అదురునట్టి ఘాటైన వాసన కలిగియున్నందున నాటుసారాగా గుర్తించడమైనది" అని ప్రతి కేసులోనూ రాయడం.

ఆ శాఖ పేరు మద్య వికాస నివారణ శాఖ. నవ్వకండి. తాగేవాళ్ళు తగ్గకుండా చూడడమూ, తాగేవాళ్ళని తగ్గించడమూ రెండూ ప్రభుత్వం బాధ్యతలే కనక రెండింటికీ కలిపి ఒకే శాఖ పెట్టారు. ఒకటే ఆఫీసు, ఒకటే జీపు. పొద్దున్న నివారణకి బయల్దేరిన జీపు మధ్యాహ్నం వికాసం పని చూసుకుని వచ్చేది.

ఆ ఏడు ప్రభుత్వానికి క్రాఫ్ట్ బీరు మీద మనసైంది. ఎవరో పెద్దాయన ఏదో దేశం వెళ్ళి, అక్కడ ఊరికో బీరు, బీరుకో కథ ఉండడం చూసి, మనకేం తక్కువ అన్నాడట. మూడు నెలలు తిరక్కుండా నక్షత్ర పథకం వచ్చిపడింది. చిన్న బట్టీల్లో కాచే ప్రతి బీరునీ శాఖవారు రుచి చూసి, ఒకటి నుంచి అయిదు దాకా నక్షత్రాలు ఇవ్వాలి. నక్షత్రం పడని బీరు జనవరి ఒకటో తారీఖు నుంచి గ్లాసెడు కూడా అమ్మకూడదు.

అయితే రుచి చూడడం ఎలాగ? దీని మీద రాజధానిలో మూడు సమావేశాలు జరిగాయి. మొదటిదాన్లో ఉప్మా పెసరట్టు బాగుందన్నారు. రెండోది మొదటిదాని మినిట్సు ఆమోదించడానికి సరిపోయింది. మూడోదాన్లో ఒక సీనియర్ అధికారి లేచి, మద్యం విషయంలో మన శాఖకి చేతనైన పద్ధతి ఒక్కటే ఉందనీ, అది పంచనామా అనీ గుర్తుచేశాడు. పంచనామా అంటే, సరుకు దొరికినచోటే ఇద్దరు మధ్యవర్తుల్ని నిలబెట్టి, ఏం దొరికిందో దాన్నేం చేశారో రాసి, వాళ్ళ సంతకాలు తీసుకునే కాగితం. పైగా గోడౌనులో రెండు లక్షల పంచనామా ఫారాలు మూలుగుతున్నాయి. "పట్టుబడిన సరుకు" అన్నచోట "రుచి చూడబడిన సరుకు" అని రబ్బరు స్టాంపు గుద్దితే పనైపోతుందన్నాడు. అందరూ బల్లలు చరిచారు. ఫారం కింది భాగం చదివే ఓపిక ఎవరికీ లేకపోయింది.

ఆ ఫారాల కట్ట చంకన పెట్టుకుని దాలినాయుడు మొదట వెళ్ళింది నాగులదిబ్బలో హైమావతి బట్టీకి. హైమావతి ఒకప్పుడు పంచదార మిల్లులో కెమిస్టు. మిల్లు మూతపడ్డాక బెంగుళూరు వెళ్ళి బీరు కాయడం నేర్చుకుంది. తిరిగొచ్చి, చేపలకి ఐసు వేసే పాత ఫ్యాక్టరీలో బట్టీ పెట్టింది. మామూలు బీర్లు నాలుగు రకాలు కాసేది గానీ, ఆవిడ ప్రాణమంతా ఏడాదికి ఒక్కసారి కాసే ఒక్క ట్యాంకు మీద ఉండేది. ఆరువందల లీటర్లు. వేసవిలో కాచి, చలిగదిలో ఎనిమిది నెలలు కదపకుండా పెట్టి, సంక్రాంతి ముందు తీసేది. ఈసారి ట్యాంకు ఇంకా ఎవరి నోటికీ తగల్లేదు.

గాజు గ్లాసులో అరచేతి లోతు పోసి ఇచ్చింది. దాలినాయుడు అలవాటు ప్రకారం దూరంనుంచే ముక్కు పెట్టాడు. తరవాత దగ్గరగా పెట్టాడు. ఆ తరవాత టోపీ తీసి బల్ల మీద పెట్టి, తనూ కూర్చున్నాడు.

"ఏటమ్మా ఇది?"

"స్కాట్లండ్ వాళ్ళ పద్ధతి, నాయుడు గారూ. స్కాచ్ ఏల్ అంటారు. విస్కీ కాదు, బీరే. చలిదేశం కదా, చిక్కగా, బలంగా కాచుకుంటారు. మొలకెత్తించిన బార్లీ రసంలో మొదటి ధార వేరే తీసి, పాకం వచ్చేదాకా మరిగించి, మళ్ళీ కలుపుతాం."

దాలినాయుడు ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. "బెల్లం వొండినాక బాన అడుగున మాడిన సెక్కు ఒకటి ఉంతాది సూడండి. సిన్నప్పుడు సిప్పతో గోకి తినీవోలం. ఆ వాసన. దానెనక ఏపిన సోళ్ళు, అదే రాగులు. ఆ ఎనక... ఉండండమ్మా, కంగారెట్టకండి... ఎండు కర్జూరం. తియ్యగుందనుకునీసరికి పొగ తగుల్తంది. కడుపులోకి దిగినాక కంబళి కప్పినట్టుంది."

కంబళి అన్న మాట హైమావతి అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

"దీని పేరు ఎర్రకంబళి" అంది. "లేబుళ్ళు ఇంకా అచ్చుకి ఇవ్వలేదు."

ఇద్దరికీ ఎంతో సంతోషం కలిగింది. ఆ సంతోషంలో దాలినాయుడు ఫారం తీసి నింపడం మొదలుపెట్టి, కింది దాకా వచ్చి ఆగిపోయాడు. చివరి వాక్యం పైకి చదివాడు. "నమూనా పోగా మిగిలిన సరుకును మధ్యవర్తుల సమక్షంలో నేలపై పారబోసి ధ్వంసం చేయడమైనది."

"ఎవరు పారబోస్తారు?" అంది హైమావతి.

దాలినాయుడు ఆ కాగితం పట్టుకుని సూపరింటెండెంటు సత్యవరప్రసాద్ గారి గదిలోకి వెళ్ళాడు. ఆయన నిప్పులాంటి మనిషి. అంటే, ఏ ఫైలూ ఆయన చేతిలో మిగలదు.

"సార్, ఇది సారా ఫారం. నచ్చత్రాలిచ్చి, ఆ బీరే పారబోసీత్తే ఆయమ్మ అమ్ముకోడానికి ఏటుంతాది?"

"అమ్మకం సంగతి వికాస విభాగం చూస్తుంది. నేను నివారణ విభాగం నుంచి మాట్లాడుతున్నాను" అన్నారు ఆయన. "దాలినాయుడూ, అది అచ్చులో ఉంది. దాని కింద నేను సంతకం పెట్టాలి. పారబోయకుండా పారబోశామని సంతకం పెడితే అది తప్పుడు రిపోర్టు. నా సర్వీసులో తప్పుడు రిపోర్టు అన్నది లేదు."

"ఆ లైను కొట్టీసుకుంటే సార్?"

"కొట్టివేతలున్న పంచనామా కోర్టులో నిలవదు."

"ఇది కోర్టుకెల్లదు గద సార్?"

"వెళ్ళదని నువ్వు రాసిస్తావా?"

దాలినాయుడు రాసివ్వలేదు. సెలవు తీసుకుని బయటికొచ్చాడు.

తప్పుడు రిపోర్టు లేదన్న మాట విని నవ్వకుండా నిలబడగలగడం ముప్పై రెండేళ్ళ శిక్షణ ఫలితం. అన్నేళ్ళలో మధ్యవర్తుల సమక్షంలో నేల మీద పారబోసింది ఎప్పుడూ నీళ్ళే. నివారణ కింద పట్టుకున్న సరుకు జీపు వెనక సీటెక్కి, వికాసం కింద చేరవలసిన ఇళ్ళకి చేరేది. ఆ ఇళ్ళల్లో సూపరింటెండెంట్ల ఇళ్ళూ ఉండేవి. దాలినాయుడికి ఆ పని ఎప్పుడూ నచ్చలేదు. కానీ ఎలా చేస్తారో మాత్రం తెలుసు.

"ఆరు డ్రమ్ములు కావాలమ్మా. బెల్లం ఒక దిమ్మ. రంగుకి మాడబెట్టిన సోడిపిండి. నురగకి కుంకుడుకాయ రసం" అన్నాడు హైమావతితో. "లోపట గదిలో బల్ల మీద అసలుది ఒక కూజా పెడదాం. ఆల్లు రుచి సూసి నచ్చత్రాలిత్తారు. పెరట్లో ఈ డ్రమ్ములు పారబోత్తారు. ట్యాంకు తలుపుకి తాళమెయ్యండి. మనకి తెలీని ఇద్దె కాదిది."

"తప్పు కాదా, నాయుడు గారూ?"

"తప్పేనమ్మా. ముప్పై రెండేళ్ళు వెదవ సరుక్కి సేసినాను. ఒక్కసారి మంచి సరుక్కి సేత్తాను."

అనుకున్న రోజు పొద్దున్న పదింటికి సత్యవరప్రసాద్ గారు వేంచేశారు. వెంట వీడియో తీసేవాడు, "నక్షత్ర పథకం ప్రథమ రుచి మహోత్సవం" అన్న ఫ్లెక్సీ, చేతిలో బీరు ఎలా తాగాలో చెప్పే నాలుగు పేజీల కరపత్రం. మధ్యవర్తులు మామూలువాళ్ళే, ఆఫీసు ఎదుట ఇస్త్రీ బండి సింహాద్రి, టీకొట్టు అసిరయ్య. ఇద్దరూ కలిసి మూడువందల నలభై కేసుల్లో సంతకాలు పెట్టారు, ఒక్కదాన్లోనూ తలెత్తి చూడలేదు. ఈసారి ఇంకో ఇబ్బంది వచ్చిపడింది.

"నాను అయ్యప్ప మాలలో ఉన్నాను బాబూ. ముట్టుకోను" అన్నాడు అసిరయ్య, చెప్పుల్లేని కాళ్ళు చూపిస్తూ.

సూపరింటెండెంటు గారు అర నిమిషం ఆలోచించారు. "రెండో మధ్యవర్తి తరపున మొదటి మధ్యవర్తి రుచి చూసెనని రాయండి" అన్నారు. సింహాద్రి సంతోషంగా ఒప్పుకున్నాడు. రెండు వాటాలూ తనవే అని అర్థమైంది కాబోలు.

హైమావతి లోపలికి దారి చూపించింది. బల్ల మీద కూజా, గ్లాసులు, తెల్లగుడ్డ, అన్నీ అమర్చి ఉన్నాయి. వీడియోవాడు గుమ్మంలోనే ఆగి మొహం చిట్లించాడు.

"లోపల లైటింగు చాలదు సార్. మీ ముఖం నల్లగా పడుతుంది."

ఆ ఒక్క ముక్కతో కథంతా మారిపోయింది. ముఖం నల్లగా పడే కార్యక్రమానికి ఏ అధికారి ఒప్పుకుంటాడు! "అన్నీ పెరట్లోనే కానిద్దాం. అసలు కూజాలోంచి రుచి చూడడం నిబంధనలకి విరుద్ధం. నమూనా మొత్తం సరుకులోంచి తీయాలి, డ్రమ్ముకింత చొప్పున" అన్నారు సత్యవరప్రసాద్ గారు. దాలినాయుడు అడ్డం పడబోయాడు. "సార్, కూజాలోది సల్లగుంది, డ్రమ్ముల్లోది ఎండకి..." "ఎండలో నిలిచేదే నాణ్యత" అని ఆయన నడిచి వెళ్ళిపోయారు.

ఆరు డ్రమ్ముల్లోంచీ తలో గరిటె తీసి ఒక గ్లాసులో పోశారు. కుంకుడు నురగ గ్లాసు అంచు దాటి ఇంతెత్తున లేచింది. సూపరింటెండెంటు గారు కరపత్రం చూస్తూ గ్లాసు తిప్పారు, వెలుగులో పెట్టి చూశారు, వాసన పీల్చారు, గుక్క నోట్లో పోసుకుని అటూ ఇటూ పుక్కిలించి మింగారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కుంకుడురసం ఎక్కడ తగిలినా అంతే.

"ఆహా! గాంభీర్యం ఉంది. ప్రారంభంలో మాధుర్యం, మధ్యలో మృదుత్వం, చివరలో ఒక విధమైన పరిశుభ్రత. నోరు కడిగినట్టుంది. స్కాట్లండ్ కళ్ళముందు కదలాడుతోంది!"

సింహాద్రి తన వాటా తాగాడు, అసిరయ్య వాటా తాగడానికి మాత్రం కాస్త వెనకాడాడు. "బాగుంది బాబూ. మా ఆడది తలంటు పోసినట్టుంది" అన్నాడు.

"దాలినాయుడూ, నీ అభిప్రాయం?"

దాలినాయుడు హైమావతి వైపు చూశాడు. నిజం చెబితే పెరట్లో ఉన్నది బెల్లం నీళ్ళని తేలుతుంది, ట్యాంకు తాళం బద్దలవుతుంది. బతుకులో మొదటిసారి ముక్కుని మోసం చేస్తూ, "శానా బాగుంది సార్" అన్నాడు.

అయిదు నక్షత్రాలు పడ్డాయి. ముప్పావు సీసాడు నమూనాలు రెండు తీసి, ఒకటి రసాయన పరీక్షకీ ఒకటి ఆఫీసు బీరువాకీ, లక్క వేసి సీలు కొట్టారు. డ్రమ్ములు ఒకదాని తరవాత ఒకటి బోర్లించారు. మధ్యవర్తులు ఎప్పటిలాగే వేరే వైపు చూస్తూ సంతకాలు చేశారు. పది నిమిషాల్లో పెరడంతా చీమలు పట్టేశాయి. జీపు వెళ్ళిపోయాక హైమావతి ట్యాంకుగది తాళం తీసి, చల్లటి ఉక్కు మీద చెయ్యి వేసి నిలబడింది. దాలినాయుడు కూడా వచ్చి నిలబడ్డాడు. ఎర్రకంబళి చెక్కుచెదరకుండా ఉంది. మొత్తానికి గట్టెక్కామనుకున్నారు పిచ్చివాళ్ళు.

నెలన్నర తరవాత రసాయన పరీక్ష రిపోర్టు వచ్చింది. "ఆల్కహాలు శూన్యము. బెల్లము పుష్కలము. కుంకుడు జాడలు కలవు. సేవించుటకు, తలంటుకొనుటకు రెంటికిని యోగ్యము." దాలినాయుడు దాన్ని రెండుసార్లు చదివాడు. మోసం బయటపడింది, ఆయమ్మ బట్టీ మూయిస్తారు, తనని ఇంటికి పంపిస్తారు అనుకున్నాడు. కానీ సత్యవరప్రసాద్ గారి గదిలోంచి చప్పట్లు వినిపించాయి. పైనుంచి అభినందన లేఖ వచ్చిందట. ఆయనే బయటికొచ్చి అందరికీ చదివి వినిపించారు.

"శాఖ ఆవిర్భావము నుండి వికాసము, నివారణ అను రెండు లక్ష్యములు పరస్పరము ఘర్షించుచుండెను. అత్యంత బలమైన బీరుగా అయిదు నక్షత్రములు పొంది, అదే సమయమున మద్యము ఏమాత్రమును లేని ఈ పానీయము వలన రెండు లక్ష్యములును ఒకే గ్లాసులో నెరవేరినవి. కావున సదరు నమూనాను రాష్ట్రమంతటికిని ప్రామాణిక స్కాచ్ ఏలుగా ప్రకటించడమైనది. ఇకపై ఈ రకమునకు చెందిన ప్రతి బీరును సదరు నమూనాతో సరిపోల్చవలెను. సరిపోలనిది నకిలీగా పరిగణించవలెను."

సరిపోల్చడం ఎక్కడినుంచి మొదలుపెట్టాలి? సహజంగానే అయిదు నక్షత్రాలు పడినచోటినుంచి. మర్నాడే జీపు ఆ మధ్యవర్తులతో, వీడియోవాడితో సహా నాగులదిబ్బ వెళ్ళింది. లేబుళ్ళు అచ్చై వచ్చాయి, అయిదు నక్షత్రాలతో సహా. హైమావతి వాటిని ఖాళీ సీసాలకి అంటిస్తోంది. ట్యాంకులోంచి తీసిన గ్లాసులో యంత్రం పెడితే ఎనిమిది శాతం ఆల్కహాలు చూపించింది.

"నకిలీ" అన్నారు సత్యవరప్రసాద్ గారు. "ప్రఖ్యాతి పొందిన ఎర్రకంబళికి అనుకరణ."

"ఇదే ఎర్రకంబళి అండీ. కాచింది నేను!"

"నువ్వే కావచ్చమ్మా. సొంత సరుకుకి నకిలీ చేయడం మరీ పెద్ద నేరం. అసలుది మా బీరువాలో సీలు కింద ఉంది."

దాలినాయుడు ఇంక ఆగలేకపోయాడు. ముందుకొచ్చి సెల్యూటు కొట్టాడు. "సార్, తప్పు నాది. ఆయేల మీరు తాగింది బెల్లం నీల్లు. నానే కలిపినాను, సోడిపిండేసి, కుంకుడుకాయ పిసికి. అసలుది ఇది. ఒక్క గుక్క తాగి సూడండి సార్, మీకే తెలుస్తాది. నన్నేటి సేసినా సెయ్యండి, దీన్ని పారబోయకండి."

హైమావతి కళ్ళు నిండాయి. సూపరింటెండెంటు గారు మాత్రం జాలిగా నవ్వారు.

"ఆ పంచనామా మీద ఎవరెవరి సంతకాలున్నాయి?"

"మీదీ నాదీ సార్. సింహాద్రిదీ అసిరయ్యదీ."

"ఇద్దరు మధ్యవర్తులు సంతకాలు చేసినది, రసాయన శాఖ ధ్రువీకరించినది, ప్రభుత్వం ప్రకటించినది బెల్లం నీళ్ళెలా అవుతుంది? రిటైర్మెంటు దగ్గరపడిన మనిషివి, నీ మనసు బాగులేదని అనుకుంటాను. ఫారం తియ్యి."

ఈసారి ఫారాన్ని స్టాంపుతో మార్చే పని కూడా లేకపోయింది. పట్టుబడిన సరుకు అని అచ్చులో ఉన్నది సరిగ్గా సరిపోయింది. వీడియోవాడు పెరట్లో వెలుగు చూసుకుని కెమెరా పెట్టాడు. కెమెరా ఉండగా జీపు వెనక సీటుకి ఏదీ ఎక్కదు. ట్యాంకు గొట్టం పెరట్లోకి లాగి కుళాయి తిప్పారు.

ఎర్రటి చిక్కటి ధార నేల మీద పడింది. పాకం వాసన, వేపిన చోళ్ళ వాసన, సన్నటి పొగ పెరడంతా కమ్ముకున్నాయి. మూడువందల నలభై కేసుల్లో ఒక్కసారీ తలెత్తని మధ్యవర్తులు ఆ వాసనకి తలలెత్తారు. అసిరయ్య మాల తీసేసి అప్పటికి మూడు వారాలైంది. వంగి, ధారలో ఒక వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. "అయ్యో, ఇదేటి ఇలగ పారబోత్తన్నారు" అన్నాడు. ఆరువందల లీటర్లు ఇంకడానికి చాలాసేపు పట్టింది.

హైమావతి అంతసేపూ కదల్లేదు. ఆఖరి చుక్క పడ్డాక గొట్టం చుట్టి పక్కన పెట్టింది. "మళ్ళీ కాస్తాను నాయుడు గారూ" అంది. "ఈసారి కుంకుడుకాయలు మీరే ఏరి పంపండి. ఆ చెయ్యి నాకు రాదు." దాలినాయుడికి ఏడుపొచ్చింది. యూనిఫారంలో ఉండగా ఏడవకూడదని నిబంధన ఉంది కాబట్టి ముక్కు చీదుకున్నట్టు నటించాడు.

నమూనాగా తీసిన ఒక్క సీసాకి లక్క వేసి, "నకిలీ" అని చీటీ కట్టి జీపులో పెట్టారు. ఆఫీసు బీరువాలో దాన్ని "అసలు" పక్కనే ఉంచారు. అసలులో అప్పటికే బూజు కట్టింది.

సాయంత్రం అయిదింటికి దాలినాయుడు ఫారం నింపడానికి కూర్చున్నాడు. వాసన దగ్గర "ముక్కుపుటములు అదురునట్టి" అన్న మామూలు మాట రాయడానికి చెయ్యి రాక, ఖాళీ వదిలేశాడు. చివరి వాక్యం దగ్గరికి వచ్చాడు. మిగిలిన సరుకును మధ్యవర్తుల సమక్షంలో నేలపై పారబోసి ధ్వంసం చేయడమైనది. ఆ వాక్యం కింద ముప్పై రెండేళ్ళలో ఎన్ని వందల సంతకాలు పెట్టాడో లెక్కలేదు. ఈసారి కలం మూత పెట్టేసి, మళ్ళీ తీసి, సంతకం పెట్టాడు. ఆ వాక్యం నిజం కావడం ఇదే మొదటిసారి.